ఇంటిపేరు రక్తమా, బతుకుతెరువా? సైక్స్ అనే ఇంగ్లిష్ పేరు చరిత్ర



ఇంగ్లండ్ ఉత్తర భాగంలో, యార్క్‌షైర్ పడమటి కొసన, పెన్నైన్ కొండల పక్కన హడర్స్‌ఫీల్డ్ అనే పట్టణం ఉంది. దానికి పడమరగా కోల్న్ నది లోయ. స్లాత్‌వైట్, గోల్కర్, లింత్‌వైట్, మార్స్‌డెన్ ఆ లోయలోని ఊళ్లు. 1881 జనాభా లెక్కలు దగ్గర పెట్టుకుని, సైక్స్ అనే ఇంటిపేరున్న కుటుంబాలను దేశపటం మీద గుర్తిస్తూ పోతే, చాలా జిల్లాల్లో చుక్కలు పలచగా పడతాయి. ఈ చుట్టుపక్కలకు వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి పడి పటం నల్లబడుతుంది. ఒక పేరు ఒకేచోట ఇంత దట్టంగా ఎందుకు పెరిగింది? అందరూ ఒకే మూలపురుషుడి సంతానం కాబట్టి అనేది ఎవరికైనా ముందుగా తోచే సమాధానం. అందులో నిజం లేకపోలేదు. అయితే అది సగమే. రెండో సగం ఆ కొండల మీద జనం పొట్టపోసుకున్న తీరులో ఉంది. ఇంటిపేరు వ్యాప్తికి రక్తసంబంధం కన్నా బతుకుతెరువే బలమైన కారణం అన్నది ఈ ప్రసంగంలో నేను నిలబెట్టదలచిన మాట.

ముందు ఇంగ్లిష్ వాళ్లకు ఇంటిపేర్లు ఎప్పుడొచ్చాయో చూద్దాం. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించేనాటికి అక్కడ సామాన్యులకు ఒక్క పేరే. తండ్రి నుంచి కొడుక్కి దిగే రెండో పేరు లేదు. జయించి వచ్చిన ప్రభువులు నార్మండీలోని తమ ఊళ్ల పేర్లను పేరు పక్కన తగిలించుకున్నారు. ఎస్టేటు కొడుక్కి దిగేటప్పుడు పేరు కూడా దిగితే హక్కు రుజువు చేసుకోవడం తేలిక. ఆ అలవాటు దక్షిణాది భూస్వాములకు, పట్టణాల వర్తకులకు, ఆ తరువాత రైతులకు పాకింది. 1400 నాటికి దక్షిణ, మధ్య ప్రాంతాల్లో చాలామందికి వంశపారంపర్యమైన పేరు స్థిరపడింది. ఉత్తరాదిలో మరికొంత ఆలస్యమైంది. ఈ మార్పు వెనక ప్రభుత్వ గుమాస్తాల కలం ఉంది. పన్ను వసూలు చేయాలన్నా, కౌలు హక్కు రాయాలన్నా, ఒకే ఊళ్లో ఉన్న నలుగురు జాన్‌లను విడదీసి చెప్పుకోక తప్పదు. అందుకే వడ్రంగి జాన్, రాబర్ట్ కొడుకు జాన్, ఎర్రజుట్టు జాన్, వాగు దగ్గరి జాన్ అని రాసుకున్నారు. వృత్తి, తండ్రి పేరు, ఆకారం, ఉండే చోటు: ఇంగ్లిష్ ఇంటిపేర్లలో చాలా భాగం ఈ నాలుగింటి నుంచే పుట్టాయి.

సైక్స్ నాలుగో రకానికి చెందిన పేరు. సైక్ అంటే ఉత్తరాది మాటలో పిల్లవాగు, చిత్తడి నేలలోంచి సన్నగా పారే ఊటకాలువ. పెన్నైన్ ప్రాంతపు పాత దస్తావేజుల్లో ఫలానా సైక్ దాకా నా నేల, అవతల నీ నేల అని హద్దులు చెప్పేటప్పుడు ఈ మాట తరచు కనిపిస్తుంది. ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలో ఇదే మాటను సిచ్ అని పలికేవారు. అక్కడ దాని నుంచి పుట్టిన ఇంటిపేరు సిచ్ అనే ఉంది. కాబట్టి సైక్స్ అన్న రూపం దగ్గరే ఈ పేరు ఉత్తరాదిదని తేలిపోతోంది. కానీ ఉత్తరాదిలో పిల్లవాగులు ఒకటా రెండా? ప్రతి కొండవాలు మీదా ఉన్నాయి. వాటి పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లూ అన్ని ఊళ్లలో ఉంటారు. 1379లో రెండో రిచర్డ్ రాజు వేయించిన తలపన్ను చిట్టాలు ఈ ప్రాంతానికి బాగా మిగిలాయి. సామాన్య దంపతులు నాలుగు పెన్నీలు, చేతివృత్తుల వాళ్లు ఆరు, అంతకన్నా పైన కట్టారు. ఆ చిట్టాల్లో వాగు పేరుతో నమోదైన వాళ్లు ఒకటికి మించిన ఊళ్లలో కనిపిస్తారు. ఇంకా పేరు స్థిరపడక, ఫలానా వాడి పనివాడు, ఫలానా వాడి కూతురు అని మాత్రమే రాసిన మనుషులూ అదే చిట్టాలో ఉన్నారు. ఇవన్నీ చూసి, ఈ పేరు వేరు వేరు చోట్ల వేరు వేరు మనుషులతో మొదలైందని పాత నిఘంటుకారులు నిశ్చయించారు.

2000లో ఈ నిశ్చయానికి ఎదురుదెబ్బ తగిలింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్ర ఆచార్యుడు బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరునే పరిశోధనాంశంగా తీసుకున్నారు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగుతుంది. ఇంగ్లండ్‌లో ఇంటిపేరు దిగేదీ ఆ దారినే. కాబట్టి రెండూ కలిసి నడుస్తున్నాయా లేదా అని పరీక్షించవచ్చు. కేథరిన్ ఇర్వెన్‌తో కలిసి ఆయన సైక్స్ ఇంటిపేరున్న 48 మంది మగవాళ్ల నమూనాలు పరీక్షించారు. వారిలో 43.8 శాతం, అంటే 21 మంది, ఒకే రకపు వై క్రోమోజోమ్‌తో ఉన్నారు. పోలిక కోసం తీసుకున్న ఇతర పేర్ల వాళ్లలో ఆ రకం ఒక్కరికీ కనపడలేదు. దీని మీద ఆయన, నేడు బతికి ఉన్న సైక్స్‌లందరి పేరుకూ మూలపురుషుడు ఒక్కడేనని, అతను దాదాపు 700 ఏళ్ల నాటి వాడని తేల్చారు. పత్రికలు ఈ వార్తను పెద్దగా వేశాయి. ఇంటిపేరు అంటే రక్తమే అన్న నమ్మకానికి శాస్త్రం ముద్ర వేసిందని చాలామంది అనుకున్నారు.

నా వాదనకు ఇది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. దాన్ని దాటవేయకూడదు. ఆ 21 మందికి ఉమ్మడి తాత ఒకడున్నాడన్నది నేను కాదనను. అయితే, నేడు మిగిలినవాళ్ల మూలపురుషుడు ఒక్కడు అనడం వేరు, మొదట ఆ పేరు పెట్టుకున్నవాడు ఒక్కడు అనడం వేరు. ఈ రెంటికీ ఉన్న తేడాను విక్టోరియా రాణి కాలంలోనే లెక్కగట్టారు. ప్రముఖుల ఇంటిపేర్లు ఎందుకు అంతరించిపోతున్నాయని 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక ప్రశ్న వేశారు. హెన్రీ విలియం వాట్సన్ అనే మతాచార్యుడు దానికి గణితంతో సమాధానం చెప్పబోయారు. ఆయన లెక్కలోని పొరపాటును తరువాతి వారు సవరించారు కానీ దారి మాత్రం సరైనదే. కొడుకులు లేని ఇంట్లో పేరు ఆగిపోతుంది. జనాభా పెరగక నిలకడగా ఉన్న సమాజంలో, ఏ వంశానికీ ప్రత్యేకమైన బలమూ బలహీనతా లేకపోయినా, ఇరవై తరాలు గడిచేసరికి పదింట తొమ్మిది మగ వరుసలు వాటంతట అవే తెగిపోతాయి. పైగా ఇంగ్లండ్‌కు ఆ కాలం నిలకడ కాలం కూడా కాదు. 1348, 49లలో వచ్చిన మహా ప్లేగు దేశజనంలో మూడో వంతుకు తక్కువ కాకుండా తుడిచిపెట్టింది. అప్పుడప్పుడే పుట్టిన పేర్లు ఎన్నో పుట్టిన ఊళ్లోనే ముగిసిపోయాయి. పదిమంది పది వాగుల పక్కన పది సైక్స్ కుటుంబాలు మొదలుపెట్టినా, 700 ఏళ్ల తరువాత లెక్క చూస్తే ఒకటి రెండు వరుసలే మిగలడం సహజం. జన్యు పరీక్ష మిగిలినదాన్నే చూడగలదు. రాలిపోయినవాటిని అది చూడలేదు. కాబట్టి 1379 నాటి చిట్టానూ 2000 నాటి పరీక్షనూ ఒకదానికి ఒకటి విరోధులుగా చూడనక్కరలేదు. మొదట్లో పలువురున్నారని చిట్టా చెబుతోంది, చివరికి మిగిలింది ఎక్కువగా ఎవరి వరుసో పరీక్ష చెబుతోంది.

ఇక ఆ మూల రకానికి చెందని 27 మంది సంగతి. కొందరిలో ఆ తేడా చిన్న జన్యుమార్పు వల్ల వచ్చి ఉండవచ్చు. మిగతావాళ్లకు ఆ పేరు వేరే దారిన అందింది. తరానికి సగటున 1.3 శాతం చొప్పున తండ్రి వరుస తెగి ఉంటుందని బ్రయన్ సైక్స్ అంచనా వేశారు. ఈ మాట వినగానే జనం ఆడవాళ్ల నడవడి వైపు వేలు చూపిస్తారు. నాకది ఎంతో బాధ కలిగించే అలవాటు. తండ్రి వరుస తెగడానికి దారులు చాలా ఉన్నాయి. తల్లిదండ్రులు పోయిన పిల్లవాణ్ని బంధువులు పెంచి తమ పేరు ఇస్తారు. పెళ్లి కాని తల్లికి పుట్టినవాడు తల్లి ఇంటిపేరుతో పెరుగుతాడు. ఇంగ్లండ్ చర్చి రిజిస్టర్లలో ఇలాంటి నమోదులు కొల్లలు. విధవరాలు రెండో పెళ్లి చేసుకుంటే పిల్లలకు మారుతండ్రి పేరు వస్తుంది. మగసంతతి లేని జమీందారు, నా పేరు పెట్టుకుంటేనే నా ఆస్తి అని అల్లుడికో మేనల్లుడికో వీలునామా రాస్తాడు. వాళ్లు రాజు అనుమతి తీసుకుని పేరు మార్చుకుంటారు. అప్పుడు ఆ పేరు కొత్త మనిషిలో కొత్త రక్తంతో కొనసాగుతుంది. చట్టం దృష్టిలోనూ ఊరి దృష్టిలోనూ వాళ్లంతా నిఖార్సైన సైక్స్‌లే. దత్తు వెళ్లిన కొడుక్కి దత్తత ఇంటి పేరే సొంతమని తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

వంశవృక్షాలు పకడ్బందీగా రాసుకునే ప్రభువుల ఇళ్లలోనూ ఇదే జరిగింది. 2012లో లెస్టర్ నగరంలో ఒక కార్ పార్కింగ్ కింద మూడో రిచర్డ్ రాజు అస్థిపంజరం బయటపడింది. పుస్తకాల ప్రకారం ఆ రాజవంశపు మగ వరుసకు చెందిన అయిదుగురు వారసుల వై క్రోమోజోమ్‌లను టూరీ కింగ్ బృందం రాజు అస్థికలతో పోల్చి చూసింది. ఒక్కటీ సరిపోలేదు. ఆ అయిదుగురిలోనే ఒకరిది మిగతా నలుగురితో కలవలేదు. తల్లుల వరుసన వచ్చే జన్యు ఆధారం మాత్రం సరిపోయింది. రాజు గుర్తింపు ఖాయం కావడానికి సాయపడింది అదే.

మరి ఈ పేరు హడర్స్‌ఫీల్డ్ పరిసరాల్లోనే ఎందుకు ఇంతగా పెరిగింది? ఈ ప్రశ్నకు జన్యుశాస్త్రం దగ్గర సమాధానం లేదు. ఆర్థిక చరిత్ర దగ్గర ఉంది. పెన్నైన్ వాలు నేల పంటకు పనికిరాదు. రాతి మీద పలచటి ఆమ్లపు మట్టి, ఎడతెగని వాన, పైన బీడు. ఓట్స్ తప్ప మరేదీ సరిగ్గా పండదు. ఇలాంటి చోట కొడుకులు పెద్దవాళ్లయ్యాక వలసపోవాలి, వంశం చెదిరిపోవాలి. అక్కడ జరిగింది మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం. పక్కనే ఉన్న హాలిఫాక్స్ ప్రాంతం గురించి 1555లో పార్లమెంటు చేసిన ఒక చట్టం ఆ సంగతి చక్కగా చెబుతుంది. నేల గొడ్డుదని, జనం ఉన్ని బట్ట నేసి బతుకుతున్నారని, గుర్రం కొనే స్తోమత లేక కొన్న ఉన్నిని మైళ్ల దూరం తల మీద, వీపు మీద మోసుకుని ఇంటికి తెచ్చుకుంటున్నారని, అయినా నలభై ఏళ్లలో అయిదు వందలకు పైగా కొత్త కాపురాలు వెలిశాయని ఆ చట్టం పీఠికలో రాశారు. నేల గొడ్డుదైనా కాపురాలు పెరగడానికి కారణం మగ్గం. నాలుగెకరాల చెలక, ఒక ఆవు, ఇంట్లో ఒక మగ్గం ఉంటే పెళ్లి చేసుకోవచ్చు. భార్య, పిల్లలు ఉన్ని ఏకి వడుకుతారు, మగవాడు నేస్తాడు, వారానికొక తాను సంతకు పోతుంది. తండ్రి చచ్చి నేల చేతికొచ్చేదాకా కొడుకు ఆగనక్కరలేదు. బీడు అంచున కాస్త చదును చేసుకుని, పక్కనే మరో ఇల్లు కట్టుకుంటాడు.

1720లలో రచయిత డేనియల్ డెఫో హాలిఫాక్స్ కొండల మీదుగా ప్రయాణించి, తాను చూసినదాన్ని తన బ్రిటన్ యాత్రా గ్రంథంలో వర్ణించారు. ఊరంటూ ఒకచోట లేకుండా కొండవాలంతా ఇళ్లు చెదురుగా ఉండటం, దాదాపు ప్రతి ఇంటి ముందూ గుడ్డను సాగదీసి ఆరబెట్టే చట్రం, దాని మీద తెల్లగా మెరిసే తాను, ప్రతి ఇంటి పక్కనా పారే నీటికాలువ ఆయన కంట్లో పడ్డాయి. ఆ కాలువ సంగతి మీద మనం కాసేపు ఆగాలి. ఉన్నిలో జిడ్డు ఉంటుంది, కడగాలి. నేసిన గుడ్డను తడిపి తొక్కాలి, రంగు వేయాలి. దీనికి సున్నం లేని మెత్తటి నీరు కావాలి. ఈ కొండల ఇసుకరాతి మీదుగా దిగే పిల్లవాగుల నీళ్లు అలాంటివే. నేతగాడికి మగ్గం ఎంతో వాగు అంత. ఏ వాగు గుమాస్తా చిట్టాలో ఒక మనిషికి గుర్తుగా మిగిలిందో, అలాంటి వాగులే అతని మనవలకు కూడు పెట్టి, ఊరు వదలకుండా నిలబెట్టాయి. ఈ పేరు ఇక్కడ ఇంత దట్టంగా ఉండటానికి ఇంతకన్నా గట్టి కారణం నాకు కనపడదు. నేతగాళ్ల పాత రాతి ఇళ్లు కోల్న్ లోయలో ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. మేడ మీద గోడ పొడుగునా వరసగా సన్నటి కిటికీలు కనిపిస్తాయి. మగ్గం మీద వెలుతురు పడటానికి పెట్టినవవి.

ఇక్కడ మరో అభ్యంతరం రావచ్చు. మగ్గం అందరికీ ఉంది కదా, సైక్స్‌లు మాత్రమే ఎందుకు పెరిగారని. వాళ్లు మాత్రమే పెరగలేదు. ఆ కొండల్లో పుట్టి అక్కడే వందలుగా పెరిగిన పేర్లు ఇంకా ఉన్నాయి. సట్‌క్లిఫ్, గ్రీన్‌వుడ్, ఆర్మిటేజ్ అలాంటివే. అవీ స్థలాల పేర్లే, వాటిని పెంచిందీ అదే ఉన్ని. వాటిలో ఏది మొదటి స్థానానికి వచ్చింది, ఏది వెనకబడింది అన్నది చాలావరకు అదృష్టం. ప్లేగు దాటి బతికిన తాతకు నలుగురు కొడుకులా, నలుగురు కూతుళ్లా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అదృష్టం ఏ పేరు మిగలాలో తేల్చింది. మిగిలినవి ఎంత పెరగాలో జీవనోపాధి తేల్చింది.

అరుదైన పేర్ల మాటేమిటని అడిగేవారికీ సమాధానం ఉంది. టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 2009లో 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మంది మగవాళ్ల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఒక ఊరి పేరు నుంచి వచ్చిన అటెన్‌బరో అనే అరుదైన ఇంటిపేరు వాళ్లలో పదింట తొమ్మిది మంది దాదాపు ఒకే రకం. కమ్మరి వృత్తి నుంచి వచ్చిన స్మిత్‌లలో మాత్రం, దారిన పోయే ఏ ఇద్దరి మధ్యా ఉండేదానికి మించి పోలిక లేదు. అరుదైన పేరు ఒకే కుటుంబానిది కావచ్చునని ఒప్పుకుందాం. కానీ అరుదుగా ఉండటం కూడా ఒక చరిత్రే. ఆ పేరున్నవాళ్లు పెరిగే అవకాశం దొరకక చిన్న గుంపుగా మిగిలారు. ఈ రెండు కొసల మధ్య సైక్స్ ఉంది.

మిల్లులు వచ్చాక మగ్గం ఇల్లు వదిలింది. పేరు హడర్స్‌ఫీల్డ్, ఓల్డ్‌హామ్, లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ పట్టణాల్లోకి దిగింది, ఓడలెక్కింది. అంతకుముందే వ్యాపారం, సామ్రాజ్యం దాన్ని మోసుకుపోయాయి. తూర్పు యార్క్‌షైర్‌లోని స్లెడ్‌మియర్ బేరనెట్ల కుటుంబం తాము 16వ శతాబ్దంలో కార్లైల్ దగ్గరి నుంచి లీడ్స్‌కు వచ్చిన బట్టల వర్తకుల వారసులమని చెప్పుకుంటుంది. అంటే కోల్న్ లోయతో నిమిత్తం లేని సైక్స్‌లు వాళ్లు. 1916లో ఫ్రాన్స్ ప్రతినిధి పికోతో కలిసి అరబ్బు దేశాలను గీతగీసి పంచిన మార్క్ సైక్స్ ఆ ఇంటివాడే. డ్యూస్‌బరీ దగ్గరి థార్న్‌హిల్‌లో పుట్టిన ఫ్రాన్సిస్ సైక్స్ 1765 తరువాత ముర్షిదాబాద్ దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉండి, అక్కడ గడించిన ధనంతో బెర్క్‌షైర్‌లో బేసిల్డన్ పార్క్ మేడ కట్టించుకున్నాడు. బెంగాల్ సొమ్ము ఒక యార్క్‌షైర్ పేరును దక్షిణ ఇంగ్లండ్ ప్రభువుల జాబితాలో చేర్చింది. బ్రాడ్‌ఫర్డ్ ప్రాంతంలో పుట్టిన విలియం హెన్రీ సైక్స్ బొంబాయి సైన్యంలో పనిచేస్తూ దక్కన్ పక్షుల మీద 1832లో ఒక పట్టిక ప్రచురించాడు. నెత్తిన చిన్న జుట్టుతో మెట్ట నేలల్లో తిరిగే ఒక నేలపిట్టను శాస్త్రలోకానికి మొదట పరిచయం చేసింది ఆయనే. తెలంగాణ చెలకల్లోనూ కనపడే ఆ పిట్టను ఇంగ్లిష్‌లో సైక్స్ లార్క్ అంటారు. అట్లాంటిక్ అవతల 1906లో అర్కాన్సాలో పుట్టిన నల్లజాతి సంగీతకారుడు రూజ్‌వెల్ట్ సైక్స్ బ్లూస్ పియానోకు పేరెన్నికగన్నవాడు. అమెరికా నల్లవాళ్లలో ఇంగ్లిష్ ఇంటిపేర్లు పరుచుకోవడానికి బానిసత్వం ఒక పెద్ద దారి. ఇంగ్లిష్ ఇంటిపేర్లు రక్తంతోనే పాకాయని అనేవారు ఆ చరిత్రను ఎక్కడ పెడతారో చెప్పాలి.

చివరిగా ఒక లెక్క. మనిషికి పది తరాల వెనక, ఆ ఒక్క తరంలోనే 1,024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి. ఇంటిపేరు వచ్చేది అందులో ఒక్కరి నుంచి. మిగతా 1,023 మంది వేరే పేర్ల వాళ్లు, సగం మంది ఆడవాళ్లు. నేడు ఉమ్మి నమూనా పంపితే మీ ఇంటిపేరు మూలం చెబుతామనే సంస్థలు చాలా ఉన్నాయి. విదేశాల్లోని మనవాళ్లు కూడా ఆ పరీక్షలు చేయించుకుంటున్నారు. ఆ పరీక్ష ఆ ఒక్కరి గురించి చెబుతుంది, అదీ వరుస ఎక్కడా తెగకపోతే. సైక్స్ అనే పేరున్నవాళ్లు తమ మూలం తెలుసుకోవాలంటే ముందుగా చూడవలసినవి 1379 పన్ను చిట్టాలు, వేక్‌ఫీల్డ్ మేనర్ (జమీందారీ) కోర్టులో 1274 నుంచి మిగిలి ఉన్న తీర్పు చుట్టలు, 1538లో రాజాజ్ఞతో మొదలైన చర్చి రిజిస్టర్లు. జన్యు పరీక్షను వాటి తరువాత చేయించుకోవచ్చు.